అన్యాయమునకు జవాబు

పనిచేయుచోట అన్యాయము జరిగినపుడు ఉద్యోగి యెదుట సాధారణముగా మూడు దారులుండును. పెదవి విప్పక సహించుట మొదటిది. కొలువు విడిచిపోవుట రెండవది. తోటివారితో గూడి న్యాయమడుగుట మూడవది. సంసారభారము మోయువాడు తరచుగా మొదటి దారినే పట్టును. పైకి అంతయు ప్రశాంతముగ కనుపించును; లోపల పనియందు శ్రద్ధ సడలును, యజమానిపై నమ్మకము నశించును. ఏడ్చుచు ఏరువాక సాగినచో కాడియు మోకును దొంగలపాలైనట్లు, తుదకు ఉభయులును నష్టపోవుదురు.

మూడవ దారి నెట్లు నడువవలెనో 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు చూపిరి. ప్లేగు భయమున కార్మికులు ఊరు విడిచిపోకుండుటకై యజమానులు ప్రత్యేకముగ బోనసు ఇచ్చుచుండిరి. వ్యాధి తగ్గుముఖము పట్టగానే దానిని తీసివేయబూనిరి. యుద్ధకాలమున పెరిగిన ధరలు మాత్రము తగ్గలేదు. కార్మికులు కూలిపై నూటికి 50 వంతుల పెంపు కోరగా, యజమానులు 20కి మించి ఈయజాలమనిరి. గాంధీజీ మిల్లుల స్థితిగతులను, బొంబాయి కూలిరేట్లను పరిశీలించి 35 న్యాయమని తేల్చిరి. కార్మికులు తమ కోరికను ఆ మేరకు తగ్గించుకొనిరి. వారి పక్షమున నిలిచిన అనసూయా సారాభాయి, యజమానులలో ప్రముఖుడైన అంబాలాల్ సారాభాయికి స్వయముగ అక్క.

మూడు వారములకు పైగా పని నిలిచిపోయెను. ఇండ్లలో పొయ్యి వెలుగని దినములు రాగా కొందరి పట్టు సడలెను. అపుడు గాంధీజీ నిరాహారదీక్ష పూనిరి. మూడు దినములలో ఒడంబడిక కుదిరెను. మధ్యవర్తియైన ఆనందశంకర్ ధ్రువ తుదకు ఆ 35నే నిర్ణయించిరి. అయినను ఆ దీక్ష యజమానులపై ఒత్తిడి తెచ్చినదనియు, అందొక దోషము కలదనియు గాంధీజీయే ఆత్మకథలో ఒప్పుకొనిరి.

ఆ కార్మికుల బలమంతయు తూచి అడిగిన కోరికలో నుండెను. అన్యాయమునకు లోనైనవాడు తన కోరికను ముందుగా తానే తూచుకొన్నచో, దానిని కాదనుట ఎదుటివానికి కష్టము. కాని ఆ త్రాసు కార్మికుని చేతికే ఇచ్చి ఊరకుండుట తగదు. ఫిర్యాదు చేసినవానిని ద్రోహిగ చూచు కార్యాలయమున, నోరు విప్పుమని ఉద్యోగికి బోధించుట వానిని ఒంటరిగ నదిలోనికి త్రోయుటయే. యజమాని ముందు చెవి యొగ్గవలెను. మాట కుదరనిచోట మధ్యవర్తి తీర్పునకు తల యొగ్గవలెను. అడుగుటకు ఒకరికి ధైర్యమును, వినుటకు మరియొకరికి ఓర్పును ఉన్నచోటనే పని చేతులకు బరువు కాకుండును.