ఏటి అవతలి కోనసీమ

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ ఉన్న కొబ్బరితోటల నేలనే జనం తరతరాలుగా కోనసీమ అంటున్నారు. కె.గంగవరం మండలం ఆ నేలలో లేదు. గౌతమికి ఎడమ గట్టున, ద్రాక్షారామం, రామచంద్రపురం వైపు ఉంది. అయినా 2022 ఏప్రిల్ 4 నుంచి అది కోనసీమ జిల్లాలో భాగం. లోక్‌సభ నియోజకవర్గాన్ని ప్రాతిపదికగా తీసుకుని జిల్లాలు గీశారు. అమలాపురం నియోజకవర్గం ఏరు దాటి రామచంద్రపురం దాకా వచ్చింది కనుక జిల్లా కూడా దాటింది. ఏటిని అడిగి గీసిన గీత కాదది.

కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక రెండు గట్లకూ నీరు ఒక్కచోటు నుంచే వస్తోంది. కాలువలు మాత్రం వేరు: అటు మధ్య డెల్టా, ఇటు తూర్పు డెల్టా. ఇటు ప్రధానంగా వరి. గట్టు లోపలి లంకల్లో బతుకు వరద దయమీద ఆధారపడింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను ఈ గట్ల జనం ఇంకా కొలమానంగా వాడుతుంటారు.

ఈ మండలానికి ప్రాణం కోటిపల్లి రేవు. తారావృత్తాంతంలో కోల్పోయిన కాంతిని చంద్రుడు ఇక్కడ తిరిగి పొందాడని స్థలపురాణం. అందుకే స్వామి ఛాయా సోమేశ్వరుడు. శివరాత్రికి రెండు గట్ల జనమూ ఇక్కడే మునుగుతారు. ఎదురుగా ముక్తేశ్వరం. మధ్య పంటు. బండ్లు, బస్తాలు, పెళ్లివారు, అందరూ దాని మీదే దాటుతారు. అది ఆగితే పైన జొన్నాడ మీదుగానో, దిగువన యానాం–ఎదుర్లంక వంతెన మీదుగానో చుట్టు తిరగాలి.

యానాం అంటే మరో సరిహద్దు. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి దక్కేదాకా అది ఫ్రెంచివారిది. 1930లో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి రాగానే బ్రిటిషు గ్రామాలవారు పసిపిల్లలకు యానాంలో పెళ్లిళ్లు జరిపించుకున్నారు. సరిహద్దును జనం తమకు కావలసినట్టు వాడుకోవడం కొత్తేమీ కాదు. నేటికీ పుదుచ్చేరి పరిధిలోని ఆ ఊరికి చవక ధరల కోసం పోయేవారున్నారు.

కాకినాడ–కోటిపల్లి రైలు 1928లో వచ్చింది. యుద్ధకాలంలో, 1940లో, పట్టాలు ఊడదీశారు. మళ్లీ బండి నడిచింది 2004లో. దాన్ని ముక్తేశ్వరం, అమలాపురం మీదుగా నరసాపురం చేర్చాలన్న పథకం అప్పటికే మంజూరై ఉంది. అందుకోసం గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి, రైలు మాత్రం ఏరు దాటలేదు. కలెక్టరు కచేరీని ఏటి అవతల పెట్టిన ప్రభుత్వం ఇవతలివారికి దారి వెయ్యాలి. జిల్లా పేరు మీద వాదించే నాయకులు ముందు ఆ వంతెన సంగతి అడగాలి.