బిలియను అనగా ఎన్ని కోట్లు?

ఒకే మాటకు రెండర్థము లున్నపుడు సందర్భమును బట్టి గ్రహింతుము. సంఖ్యావాచకమునకు ఆ వెసులుబాటు లేదు. ‘బిలియను’ విషయమున అర్థభేదము అక్షరాలా వేయిరెట్లు.

ఇంగ్లండులో చిరకాలము బిలియను అనగా మిలియను మిలియనులు. మన లెక్కలో లక్ష కోట్లు. అమెరికాలో వేయి మిలియనులు, అనగా నూరు కోట్లు. 1974లో బ్రిటిషు ప్రభుత్వము అమెరికా అర్థమునే గ్రహించినది. నేడు ఆంగ్లమున అదియే రూఢి. 2022లో ప్రపంచ జనాభా ఎనిమిది బిలియనులకు చేరినదన్న వార్తను పాత నిఘంటువు సాయముతో తెనిగించు విద్యార్థి, 800 కోట్లను 8 లక్షల కోట్లు చేయును. ఆ తప్పునకు అతనిని దండించుట న్యాయము కాదు.

ఈ చిక్కు మన ముంగిట కూడ ఉన్నది. కరీంనగరము చెంతనున్న దిగువ మానేరు జలాశయపు సామర్థ్యము సుమారు 24 టి.ఎం.సి.లు. టి.ఎం.సి. అనగా వేయి మిలియను ఘనపుటడుగులు. అది నేటి బిలియనే అయినను, ఈ పేరులో సందేహమునకు తావు లేదు. కాని ఆ మూడక్షరములు రైతుబిడ్డకు ఏమి చెప్పును? నూరు కోట్ల ఘనపుటడుగులనియు, దాదాపు 23 వేల ఎకరములపై అడుగు లోతున నిలుచు నీరనియు విప్పి చెప్పినపుడే, కాలువ చివరి పొలమునకు రావలసిన దెంత, వచ్చిన దెంత అని అతడు అడుగగలడు. లెక్క తెలియనిచోట ప్రశ్న పుట్టదు. సింగరేణి సంస్థ 2023-24లో 70 మిలియను టన్నుల బొగ్గు తీసినదనుటకంటె ఏడు కోట్ల టన్నులనుట గోదావరిఖని, మందమర్రి బాలురకు సుబోధము.

దోషము ఆంగ్లమునదే యనరాదు. మన ‘అర్బుదము’ యజుర్వేద సంఖ్యాక్రమమున కోటి. ఆర్యభటీయమున పది కోట్లు. అట్టి మాటలను తిరిగి తెచ్చిన చిక్కు మరొకటి చేరును. లక్ష, కోటి జనుల నాలుకపై స్థిరపడినవి; అవి చాలును.

మిలియను పది లక్షలు, బిలియను నూరు కోట్లు, ట్రిలియను లక్ష కోట్లు: ఈ మూడు సమీకరణములను ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి ఉంచవలెను. పాత ఆంగ్ల గ్రంథము చేతబట్టినపుడు అది ఏ దేశమున, ఏ యేట అచ్చైనదో చూచుకొనుట కూడ నేర్పవలెను. పత్రికలు తమ వంతుగా కోట్లలోనే వ్రాయవలెను. ప్రజల నీటిని, ప్రజల ధనమును లెక్కించు మాట ప్రజలకు తెలిసిన మాట కావలెను.