కోలారు దిబ్బల్లో బంగారం ఒక్కటే లేదు

కోలారు గనుల ప్రస్తావన వస్తే అందరూ 800 టన్నుల బంగారం దగ్గర మొదలుపెడతారు. నేను 5 కోట్ల టన్నుల రాయి దగ్గర మొదలుపెడతాను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది మొదలు 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా పైకి తెచ్చి పిండి చేసిన రాయి సుమారుగా అంత. బంగారం ఎటో వెళ్లిపోయింది. పిండి మాత్రం చాలావరకు కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) కార్మికుల ఇళ్ల పక్కనే సైనైడ్ దిబ్బలై నిలిచింది. అలాంటివి 13 ఉన్నాయి. వాటిలో మిగిలిన బంగారాన్ని తీయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. తీయమనే నేనూ అంటాను. అయితే ముందు ఆ పిండి ఏమిటో తెలుసుకుని తీయాలి.

కుప్పం దగ్గర చాలాకాలం జియాలజీ చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు చూపించడానికి బిసానత్తం వైపు దొరికిన పలుగురాయి ముక్క ఒకటి పెట్టుకునేవాణ్ణి. నీలి ఛాయ ఉన్న బూడిద రంగు, మధ్యలో సన్నని నల్లచారలు. చేతికిస్తే చాలు, "ఇందులో బంగారం ఎక్కడుంది సార్?" అనేవాళ్లు. సాధారణంగా కంటికి కనిపించదు. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పరుచుకున్న లావా, ఆ తర్వాత భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ నలిగి నల్లటి హార్న్‌బ్లెండ్ షిస్టుగా మారింది. అది పగిలిన చోటల్లా లోతుల నుంచి మరిగే నీరు ఎగదన్నింది. ఆ నీటిలో కరిగి ఉన్నవి ప్రధానంగా సిలికా, దానితోపాటు అతికొద్దిగా బంగారం. చల్లబడేసరికి సిలికా పలుగురాయి అయింది, బంగారం అందులో చిక్కుకుంది. కోలారు బంగారంలో ఎక్కువ భాగం ఇచ్చిన పలుగురాతి పట్టీ, ఛాంపియన్ లోడ్ పుట్టుక ఇదే. ఈ షిస్టు పట్టీ ఉత్తర దక్షిణాలుగా 80 కిలోమీటర్ల దాకా సాగి, రాష్ట్రాల సరిహద్దులు పట్టించుకోకుండా మా కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం మీదుగా పోతుంది.

టన్ను రాయికి సగటున వచ్చింది 16 గ్రాములు. చివరి రోజుల్లో మూడు గ్రాములకు పడిపోయింది. ఆ కాస్త కోసం రాయినంతా స్టాంపు మిల్లుల్లో మెత్తగా దంచి, పాదరసం పూసిన రాగి పలకల మీద పారించి, మిగిలినదాన్ని సైనైడ్ నీళ్లలో నానబెట్టేవారు.

ఈ గనుల చరిత్రలో గొప్పలకు కొదవ లేదు. 1802లో మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఇక్కడి పల్లెవాళ్లు మట్టి కడిగి బంగారం తీయడం కళ్లారా చూశాడు. 1902లో శివసముద్రం నుంచి 150 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఈ గనులకే కరెంటు తెచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతుకు దిగింది. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. పైనున్న కొండంత బరువుకు ఉన్నట్టుండి రాయి పేలేది. దాన్ని రాక్‌బర్స్ట్ అనేవారు. 1965లో శాస్త్రవేత్తలు 2.3 కిలోమీటర్ల లోతున కూర్చుని న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఇవన్నీ గొప్పగా చెప్పుకోవలసినవే, నేనూ క్లాసులో చెప్పాను.

గొప్పల మధ్య మరుగున పడ్డ అంకె ఒకటుంది. 1940ల్లో ఈ గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ ఉంది. నూటికి నలభై మూడు మందికి పైగా! బంగారాన్ని పొదువుకున్న పలుగురాయే పొడిగా మారి ఊపిరితిత్తుల్లో చేరింది. సిలికా ధూళి ఒకసారి లోపల గాయం చేస్తే మళ్లీ మానదు, మందు లేదు. ఉత్తర ఆర్కాటు నుంచి వలస వచ్చి గనుల్లోకి దిగినవాళ్లలో ఎక్కువ మంది దళితులు. 1911లో విడి జిల్లా అయ్యేదాకా చిత్తూరు కూడా ఆ ఉత్తర ఆర్కాటులో భాగమే.

దిబ్బల్లో ఉన్నది ఆ పొడే. పైగా మిల్లులో ఇంకా మెత్తబడింది. ఎండాకాలం గాలి లేస్తే తెల్లటి తెర ఇళ్ల మీదికి దిగుతుంది. ఇప్పుడు యంత్రాలు పెట్టి తవ్వితే, లారీల్లో తరలిస్తే అది ఇంకెంత లేస్తుందో చెప్పడానికి జియాలజీ చదవనక్కర్లేదు. దిబ్బల్లో టన్నుకు ఎంత బంగారం ఉందో నమూనాలు తీసి తేల్చుకుంటారు. ఆ నమూనాల్లోనే శ్వాసతో లోపలికి పోయేంత సన్నని సిలికా ఎంతుందో కూడా తేల్చి, కన్నడంలో, తమిళంలో, తెలుగులో కాలనీల గోడలకు అంటించాలి. తవ్వకానికి ముందే పాత కార్మికులకూ దిబ్బల పక్క నివాసులకూ ఛాతీ ఎక్స్‌రేలు తీయాలి. పొడిని తడిపి నీటితోనే పైపుల్లో తరలించాలి. సిలికోసిస్ తేలినవారికి డబ్బు, పింఛను ఇచ్చే విధానాన్ని రాజస్థాన్ 2019లోనే తెచ్చింది, కర్ణాటకకు అది అసాధ్యమేమీ కాదు. బంగారం అమ్మకంలో కొంత వాటా ఈ ఖర్చుకు ముందే కట్టి ఉంచాలి. లాభం లెక్క తేలాక చూద్దామంటే నమ్మకూడదు.

మన వైపు వాళ్లకు ఇది పరాయి గొడవ కాదు. చిగురుగుంట, బిసానత్తం గనులు వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కాయి. అక్కడా అదే పలుగురాయి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ఉద్యోగాలు ఎన్నని మనవాళ్లు తప్పక అడుగుతారు, అడగాలి. డ్రిల్లింగు నీటితో చేస్తారా, ధూళిని ఎవరు కొలుస్తారు, కొలిచిన అంకెను పంచాయతీ ఆఫీసు బోర్డు మీద నెలనెలా రాస్తారా అన్నది కూడా అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించుకోవాలి.