‘మర్మర్’ – చెవితో చదువవలసిన మాట

ఆంగ్ల పాఠములలో ‘ఆనమటోపియ’ అను అలంకారము వచ్చినపుడు మన విద్యార్థులు చేయునది ఒక్కటే. ‘ధ్వనిని అనుకరించు పదము’ అని నిర్వచనము వ్రాసికొని, రెండు ఉదాహరణములు కంఠస్థము చేసి, పరీక్షలో అప్పగింతురు. ఆ పదమును చెవితో విన్నవారు అరుదు. ఈ పద్ధతి మారవలెనని నా అభిప్రాయము.

‘మర్మర్’ అను మాటనే తీసికొందము. లాటినునుండి ఫ్రెంచి మీదుగా ఆంగ్లములో చేరిన ఈ పదము మనకు పరాయిది కాదు. సంస్కృతమున ‘మర్మరము’ కలదు. ఆకులు, వస్త్రములు చేయు సవ్వడికి అమరకోశము ఆ పేరే పెట్టినది. ‘మ’కారము పలుకునపుడు పెదవులు మూతపడి నాదము ముక్కునుండి వెలువడును, ‘ర’కారము దానిని కదలించును. ఆ జంట రెండుమార్లు రాగా, తెగని సన్నని ధ్వని పుట్టుచున్నది.

కవులు ఈ గుణమును చక్కగా గుర్తించిరి. వర్డ్స్‌వర్త్ 1798లో వై నదీ జలముల సవ్వడికి, కీట్సు 1819లో వేసవి సాయంకాలపు ఈగల రొదకు, టెన్నిసన్ 1847లో తేనెటీగల నాదమునకు ఈ మాటనే వాడిరి.

అయితే ఇది ఎల్లప్పుడును ఇంపైన ధ్వనియే అనుకొనరాదు. 1611 నాటి ఆంగ్ల బైబిలులో ఎడారిలో దప్పిగొన్న జనులు మోషేపై ‘మర్మర్’ చేసిరన్నచో, అది సెలయేటి సవ్వడి కాదు, సణుగుడు. వైద్యుడు గుండెలో ‘మర్మర్’ వినబడుచున్నదనినచో అది కవిత్వము కాదు, పరీక్షింపవలసిన లక్షణము. ఒకే అర్థము వల్లించిన విద్యార్థి ఇచ్చట తప్పక పొరబడును.

మరి సొగసు ధ్వనిలో ఉన్నదా, అర్థములో ఉన్నదా? అమెరికను విమర్శకుడు జాన్ క్రో రాన్సమ్ ఇందుకొక చమత్కారమైన పరీక్ష చూపెను. టెన్నిసన్ పంక్తిలో ‘మర్మర్’ ఉన్నచోట ‘మర్డర్’ను, తేనెటీగలున్నచోట పశువులను నిలిపెను. శబ్దము ఇంచుమించు అదే. మాధుర్యము మాత్రము మాయమైనది! కనుక ధ్వని ఒంటరిగా ఏమియు చేయజాలదు. అర్థము దారి చూపినపుడే అది వెంట నడచి బలము చేకూర్చును.

ఈ సత్యము మన విద్యార్థులకు క్రొత్త కాదు. తెలుగువారికి గలగల, గుసగుస, గొణుగుడు వేరువేరని ఎవరును నేర్పనక్కరలేదు. ఉర్దూ సోదరులకు సర్‌సరాహట్, భిన్‌భినాహట్, బడ్‌బడాహట్ నడుమ భేదము ఉగ్గుపాలతోనే తెలిసినది. ముషాయిరాలో గజలును, సభలో పద్యమును చెవులారా విని తలయూచు మనము ఆంగ్ల కవితను మాత్రము మూగగా కన్నులతో చదువుచున్నాము. మాతృభాష ఇచ్చిన చెవిని తరగతి గుమ్మము వెలుపల విడిచి వచ్చుట ఎంత నష్టము!

కావున కళాశాల కమిటీవారికొక విన్నపము. వారమునకు ఒక గంట మూడు భాషల కవిత్వమును బిగ్గరగా చదువుటకు కేటాయింపుడు. విద్యార్థి మిత్రులారా! నిఘంటువు తెరచుటకు ముందు మాటను ఒక్కమారు పైకి పలుకుడు. పిదప అది ఏ వాక్యములో నిలిచియున్నదో చూడుడు. ఆ రెండును కలిసినచోటనే అర్థము దొరకును.