శిలాజయాత్రకు సముద్రమే కావాలా?

శిలాజాలు ఏరడానికి సముద్రతీరానికే పోవాలన్న అభిప్రాయం మన పాఠశాలలకు ఆంగ్ల బాలగ్రంథాల నుంచి సంక్రమించింది. ఇంగ్లండు దక్షిణతీరాన లైమ్ రీజిస్ పట్టణంలో 1811, 1812 సంవత్సరాలలో మేరీ ఆనింగ్ అనే పేద బాలిక తన అన్నతో కలిసి ఇక్తియోసారస్ అస్థిపంజరాన్ని వెలికితీసిన కథ ఎవరినైనా ఆకర్షిస్తుంది. ఐతే ఆ కథలో కెరటం చేసిన పని ఏమిటో గమనించేవారు తక్కువ. అక్కడి తీరాన నిలువుగా నిలిచిన బంకరాతి, సున్నపురాతి చరియలు జురాసిక్ యుగపు సముద్రగర్భంలో పేరుకున్న పొరలు. అలలు వాటి మొదళ్లను కోస్తున్నకొద్దీ లోపలి ఎముకలు బయటపడతాయి. శిలాజం రాతిలో ఉన్నది గనుక దొరికింది. తీరం కేవలం తలుపు తీసింది.

మన తీరంలో ఆ తలుపు వెనుక ఏమున్నది? చేవెళ్ల నుంచి, మొయినాబాదు నుంచి పిల్లలను బస్సెక్కించి 300 కిలోమీటర్లకు పైగా తీసుకుపోతే సూర్యలంకలో కనిపించేది ఇసుక. ఇంకా ముందుకు విశాఖపట్నం పోతే అక్కడి కొండలు ఖోండలైటు. భూగర్భంలో మహోష్ణానికి, ఒత్తిడికి రూపు మారిన ఆ రాతిలో నత్త గుల్లను వెదకడం వ్యర్థం. ఒడ్డున దొరికే గవ్వలన్నీ నిన్నమొన్నటి జీవులవి. వాటిని శిలాజాలని చెప్పి పిల్లవాని చేతిలో పెట్టడం కంటె యాత్ర మానుకోవడమే మేలు. సముద్రం చూడని పిల్లలకు సముద్రం చూపవలసిందే. అది సముద్రం కోసం చేసే యాత్ర కావాలి.

చిత్రమేమిటంటే, ఆంధ్రదేశంలో ప్రాచీన సముద్రజీవుల గుల్లలు పేరుపొందినది తీరంలోని ఇసుకలో కాదు. రాజమహేంద్రవరం పక్కన కాతేరు వద్ద, రెండు లావా ప్రవాహాల నడుమ చిక్కుకున్న సున్నపురాతి పొరలో.

ఈ లావా సంగతే చేవెళ్ల పిల్లలకు ముఖ్యం. మొయినాబాదు, చిలుకూరు ప్రాంతాలలో గ్రానైటు గుండ్లు కనిపిస్తాయి. బీజాపూరు దారిన పడమటికి సాగితే చేవెళ్ల దిక్కున నేల నల్లబడుతుంది. ఆ రేగడి, దక్కను లావా చివికి ఏర్పడిన మన్ను. లావా ఒక్కసారిగా పారలేదు. ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ మధ్య దీర్ఘమైన విరామాలు ఉండేవి. ఆ విరామాలలో పల్లాల్లో నీరు నిలిచింది, చెరువులు ఏర్పడ్డాయి, చేపలు, కప్పలు, నత్తలు బ్రతికాయి. తరువాతి లావా వాటి అడుగుబురదను కప్పివేసింది. పరిగి మండలంలోని నస్కల్ వద్ద అటువంటి పొరలోనే దొరికిన పళ్లను పరిశీలించి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ 1988లో దక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదాన్ని లోకానికి పరిచయం చేశారు. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల నాటి ఆ జీవి, భారతదేశంలో క్రెటేషియస్ యుగం నుంచి తొలిసారి బయటపడిన క్షీరదం. ఆ చోటికి చేవెళ్ల నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

ఒక్కపూట యాత్ర అనడంలో మరొక న్యాయం కూడా ఉన్నది. రాత్రి బస ఉన్న యాత్రకు ఇంట్లో పంపని ఆడపిల్లలు, రుసుము చెల్లించలేని కూలివారి బిడ్డలు వెనుకబడిపోతారు. వారు వదిలివేయబడిన యాత్రను పాఠశాల తన యాత్రగా చెప్పుకోవడం సబబు కాదు.

ఇక ఏర్పాట్లు. సుత్తులు పంచి పిల్లలను పొరమీదికి వదలడమే అన్నిటికంటె పెద్ద అపాయం. అక్కడి పన్ను ఆవగింజంత. పరిశోధకులు మట్టిని బస్తాలకెత్తి, నీట నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శినితో వెదకుతారు. ఉత్సాహంగా కొట్టిన సుత్తిదెబ్బకు అటువంటి సాక్ష్యం పిండి అయిపోతుంది. ఏ రాయి ఏ పొరలో ఉన్నదో వ్రాసుకోకుండా జేబులో వేసుకుంటే దాని విలువ సగానికి పైగా అక్కడే పోయినట్లు. కనుక భూవిజ్ఞానం తెలిసినవారిని వెంట తీసుకుపోవాలి. పొలం యజమాని అనుమతి ముందే అడగాలి. పిల్లలు బొమ్మ గీసుకోవాలి, పొర మందం కొలవాలి, రాతిని ఉన్నచోటనే విడిచిరావాలి. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లు వెలువరించింది. చట్టం ఏమి చెప్పినా, పొలంగట్టు మీది పొరను కాపాడవలసింది ముందుగా ఆ ఊరివారే.

చేతికేమీ రాని యాత్ర పిల్లలకు రుచించదని కొందరు ఉపాధ్యాయుల శంక. దానికి ఉపాయం ఉన్నది. బడికి తిరిగివచ్చిన మరునాడు ఊరి చెరువులోని గుప్పెడు బురద తెచ్చి, అదే విధంగా నానబెట్టి, చాయజల్లెడలో కడిగి, భూతద్దం కింద పెట్టించాలి. నత్తగుల్ల ముక్క, చేప పొలుసు, గింజ – ఏది కనిపించినా, నస్కల్ చెరువులో జరిగినది ఏమిటో పిల్లలు తామే చెప్పగలుగుతారు.