అమెరికా ప్రభుత్వం – బి.ఎస్సీ. విద్యార్థికి ఎందుకు?

"ఆడెవడో ఆ దేశంల సంతకం పెడితె ఈడ మన పత్తికి ధర తగ్గుడేందిర?"

2025 ఆగస్టు నెలాఖరున మా బాపు ఫోనులో నన్నడిగిన ప్రశ్న ఇది. జనగామ దగ్గర పల్లెలో మాకు నాలుగెకరాల చెల్క ఉంది. వానమీద ఆధారపడి పత్తి వేస్తాం. "డిగ్రీ మూడో ఏడు చదువుతున్నవు గద, చెప్పు" అన్నాడు. మిత్రులారా, నేను చెప్పలేకపోయాను. ట్రాన్సిస్టరు ఎలా పనిచేస్తుందని అడిగితే గడగడా చెప్పేవాణ్ణి. అమెరికాలో పన్ను వేసే అధికారం ఎవరిదంటే మాత్రం నోట మాట రాలేదు. "సిగ్నల్ సరిగ్గ లేదు బాపూ" అని ఫోను పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. లేనిది నాకు తెలివి!

జరిగింది ఇది. ఆ నెలలో అమెరికా అధ్యక్షుడు మన దేశం నుంచి వెళ్ళే చాలా సరుకుల మీద సుంకాన్ని రెండు విడతల్లో 50 శాతానికి పెంచాడు. బట్టల మిల్లులవాళ్ళు, దుస్తులు ఎగుమతి చేసేవాళ్ళు బెంబేలెత్తారు. వాళ్ళకి ఊరటగా మన కేంద్ర ప్రభుత్వం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరుదాకా అన్నారు, తర్వాత డిసెంబరు నెలాఖరుదాకా పొడిగించారు. అంటే మా చేలో కాయ పగిలి, పత్తి మార్కెట్టుకి వచ్చే రోజుల్లోనే పైదేశపు పత్తికి తలుపులు బార్లా తెరిచారన్నమాట. వాషింగ్టన్‌లో ఒక సంతకం. మా ఊళ్ళో ఒక రైతు గుండెలో గుబులు! ఈ రెంటి మధ్య ఉన్న మెట్లు ఏమిటో చదువుకున్న కొడుకు చెప్పలేకపోతే ఆ చదువెందుకు?

ఆ జవాబు నాకు మన సిలబస్‌లో దొరకలేదు. మా పెదనాన్న కొడుకు పంపిన ఒక పాత పుస్తకంలో దొరికింది. అన్న టెక్సాస్‌లో ఎం.ఎస్. చేసేటప్పుడు కాలేజి లైబ్రరీలో గంటల లెక్కన పని చేసేవాడు. కొత్తగా చేరిన పిల్లలందరి చేతుల్లోనూ అమెరికా ప్రభుత్వం గురించిన లావుపాటి పాఠ్యపుస్తకం ఉండేదట. ఆ రాష్ట్రంలో చట్టమే అలా ఉంది: ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పుచ్చుకోవాలంటే ఇంజినీరింగు చదివినా, వ్యవసాయం చదివినా, సంగీతం చదివినా సరే, దేశ రాజ్యాంగమూ టెక్సాస్ రాజ్యాంగమూ కలిసిన ప్రభుత్వశాస్త్రం ఆరు క్రెడిట్లు చదివి తీరాలి. ఎం.ఎస్. వాళ్ళకి ఆ నియమం లేదు కాబట్టి అన్న చదవలేదు. ఎవరో వదిలేసిన ప్రతిని మాత్రం, ఇక్కడికి వస్తున్న స్నేహితుడి పెట్టెలో పడేసి నాకు పంపించాడు.

సైనిక్‌పురిలోని నా అద్దెగదిలో రాత్రిళ్ళు ఆ పుస్తకం చదివాను. మొదటి అధ్యాయాల్లోనే బాపు ప్రశ్నకి సగం జవాబు ఉంది. 1787లో రాసుకున్న వాళ్ళ రాజ్యాంగం పన్నులూ సుంకాలూ వేసే అధికారాన్ని అధ్యక్షుడికి కాదు, కాంగ్రెసుకి, అంటే వాళ్ళ పార్లమెంటుకి ఇచ్చింది. మరి అధ్యక్షుడెలా వేశాడు? అది పుస్తకంలో లేదు, పత్రికల్లో వెతుక్కున్నాను. 1977లో కాంగ్రెసే చేసిన ఒక అత్యవసర అధికారాల చట్టాన్ని పట్టుకుని వేశాడు. చిన్న వ్యాపారులు కొందరు కోర్టుకెక్కారు. 2025 మే నెలలోనే అక్కడి వాణిజ్య న్యాయస్థానం, ఆ చట్టం ఇంత అధికారం ఇవ్వలేదని తీర్పు చెప్పింది. వివాదం పై కోర్టుకి, అక్కణ్ణించి సుప్రీంకోర్టుకి ఎక్కింది. ఆ కథ ఎన్ని మలుపులు తిరిగినా మనకి పాఠం ఒకటే: సంతకం పెట్టే చేతికి కూడా హద్దు ఉంది, ఆ హద్దు ఎక్కడన్నదాని మీద ఎప్పుడూ పోట్లాట ఉంది.

ఇది పత్తి రైతు బాధ మాత్రమే అనుకోకండి. మన కాలేజి గేటు దాటి సాయంత్రం నాలుగడుగులు నడవండి. మాజీ సైనికోద్యోగుల కోసం వెలసిన కాలనీ ఇది. అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్ళని పలకరిస్తే, కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో అంటారు. మన తరగతిలోనూ సగంమంది చూపు అటే. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఏ ఇతర దేశంవాళ్ళూ అంతమంది లేరు. అందులో మన తెలుగువాళ్ళెంతమందో ఊరూరా కనిపిస్తూనే ఉంది. కాని ఆ దేశం గురించి మనకి తెలిసినదేమిటి? జి.ఆర్.ఇ. మాటలు, యూనివర్సిటీల ర్యాంకులు, వీసా ఇంటర్వ్యూలో చెప్పాల్సిన జవాబులు! అంతే గదా?

దాని ఫలితం 2025 సెప్టెంబరులో మా పెదనాన్న ఇంట్లో చూశాను. హెచ్-1బి వీసాకి లక్ష డాలర్లు కట్టాలని అధ్యక్షుడు 19వ తేదీన ప్రకటన చేశాడు. ఒక్కరోజు గడిస్తే అమలు. అన్నని అమెరికా పంపడానికి పెదనాన్న రెండెకరాలు అమ్మాడు, ఇంకా కొంత అప్పు ఉంది. ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. పెద్దమ్మ ఏడుపు ఆపలేదు. మర్నాడు అది కొత్తగా పెట్టే దరఖాస్తులకేగాని ఉన్నవాళ్ళకి కాదని ఆ ప్రభుత్వమే వివరణ ఇచ్చింది. ఏడాదికి 65,000, అక్కడే పై చదువు చదివినవాళ్ళకి మరో 20,000 అన్న వీసాల లెక్క కాంగ్రెసు చట్టంలోది. ఈ లక్ష డాలర్లు అధ్యక్షుడి ప్రకటనలోది. చట్టం వేరు, ప్రకటన వేరు. ప్రకటన మీద కోర్టుకి పోవచ్చు, తర్వాతి అధ్యక్షుడు చించి పారేయొచ్చు. ఈ ఒక్క తేడా ఆ ఇంట్లో ఒక్కరికి తెలిసినా భయం పూర్తిగా పోకపోవచ్చుగాని, ఆ రాత్రి గుప్పెడు మెతుకులు తినేవాళ్ళు.

ఇంకో సంగతి. పరాయి ప్రభుత్వం గురించి చదివితే మన ప్రభుత్వం అర్థమవుతుంది. తెలంగాణ బిడ్డగా నేను ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని విడదీసి కొత్త రాష్ట్రం చెయ్యాలంటే, ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి తప్పనిసరి. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లుని తిప్పి కొట్టింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ వచ్చింది. వాళ్ళ నియమమే మనకీ ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి! అలాగే వాళ్ళ సెనేట్‌లో దాదాపు నాలుగు కోట్ల జనమున్న కాలిఫోర్నియాకి రెండు సీట్లే, ఆరు లక్షలకి లోపున్న వయోమింగ్‌కీ రెండే. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కి 31, తెలంగాణకి 7. ఏది న్యాయం? తరగతిలో ఒక గంటసేపు కొట్లాడుకోదగ్గ ప్రశ్న కాదూ!

"ముందు మన రాజ్యాంగం చదువు, తర్వాత అమెరికాది చూడొచ్చు" అంటారు కొందరు. న్యాయమైన మాటే. కాని మన రాజ్యాంగం రాసినవాళ్ళు అలా ఆగలేదే! అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిసి మాట్లాడారు. వాళ్ళ అనుభవం చూసి కొన్ని తీసుకున్నారు, కొన్ని వద్దనుకున్నారు. చూడనివాడు వద్దనుకోవడం కూడా చేతకానివాడే.

"ఇదంతా అమెరికా మోజు" అని మరికొందరు వెక్కిరిస్తారు. మోజు తెలియనితనంలో పుడుతుంది, తెలిస్తే దిగిపోతుంది. అయిదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కగట్టిన రాజ్యాంగం అది. అక్కడి స్త్రీలకి దేశమంతటా ఓటు హక్కు 1920లోగాని రాలేదు. దక్షిణాది నల్లవాళ్ళకి 1965 చట్టం వచ్చేదాకా ఓటు పేరుకే. మనవాళ్ళు మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే కూలికీ జమీందారుకీ ఒకే ఓటు ఇచ్చారు. భారతీయులకి పౌరసత్వం చెల్లదని 1923లో థింద్ కేసులో తీర్పిచ్చింది ఆ సుప్రీంకోర్టే. 1946లో కాంగ్రెసు చట్టం మార్చింది. ఆ మార్పుతోనే, పంజాబు పల్లెలో పుట్టి, గణితంలో డాక్టరేటు చేసి, కాలిఫోర్నియాలో సేద్యం చేసుకున్న దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యాడు. 1956లో కాంగ్రెసుకే ఎన్నికయ్యాడు. లెక్కలు చదివిన రైతు! సైన్సువాడికి, సేద్యగాడికి రాజకీయశాస్త్రం ఎందుకనేవాళ్ళకి ఇంతకంటే ఏం జవాబు చెప్పను?

అందుచేత విద్యార్థి సంఘానికి నా మనవి. సైన్సు, కామర్సు విద్యార్థులు కూడా తీసుకోగలిగేట్టు అమెరికా ప్రభుత్వం, రాజకీయాల మీద ప్రాథమిక స్థాయిలో ఒక ఐచ్ఛిక పేపరు పెట్టమని మన కాలేజి యాజమాన్యాన్ని అడుగుదాం. ఒక సెమిస్టరు, రెండు క్రెడిట్లు చాలు. కాంగ్రెసు, అధ్యక్షుడు, కోర్టులు, రాష్ట్రాలు, ఎన్నికలు, పౌరసత్వం – ఆరు పాఠాలు. ప్రతి పాఠం పక్కన మన రాజ్యాంగంలో అదే విషయం. పుస్తకాలు లేవంటారా? ఉస్మానియా ఆవరణలో 1964లోనే అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రం పెట్టి, దేశమంతటి నుంచి పరిశోధకులు వచ్చే గ్రంథాలయాన్ని నడిపిన నగరం మనది. ఒక్క షరతు మాత్రం: బట్టీ ప్రశ్నలు వద్దు. పత్రికలో వచ్చిన వార్త చేతికిచ్చి, "ఈ సంతకం ఎవరిది, అధికారం ఎక్కడిది, ఎవరు ఆపగలరు?" అని అడగాలి.

దసరాకి ఊరికి పోయినప్పుడు చేను గట్టు మీద కూర్చుని బాపుకి ఇదంతా చెప్పాను. ఆయన పత్తికాయ ఒకటి తెంపి చేతిలో తిప్పుతూ చివరిదాకా విన్నాడు.

"మంచిగ జెప్పినవ్. మరి మన దగ్గర ఆ పదకొండు పైసల సుంకం తీసేసిందెవరు? ఆళ్ళనెవరు అడగాలె?"

దానికి జవాబు వెతుకుతున్నాను మిత్రులారా. ఒక్కణ్ణే వెతకడం కన్నా అందరం ఒక తరగతి గదిలో కూర్చుని వెతికితే బాగుంటుందని నా ఆశ.