ముందు అన్నం, తర్వాతే బోధ

సబ్జెక్టులు పోయి కాలేజీ హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన బిడ్డతో మనం మొదట అనే మాట, "ప్రార్థన తగ్గింది." ఈ మాట మానుకుందాం.

1 రాజులు 19వ అధ్యాయం చూడండి. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతచేత రెండుసార్లు తినమని లేపించాడు. ఇక్కడేం పనని అడిగింది 40 రోజుల ప్రయాణం తర్వాత, హోరేబులో. మనకెందుకంత తొందర?

పోయిన సబ్జెక్టు మళ్లీ రాయించుకోవచ్చు, పోయిన బిడ్డను తెచ్చుకోలేం. ముందు అన్నం పెడదాం, పడుకోనిద్దాం, చెప్పేది విందాం. చచ్చిపోవాలనుందంటే ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేద్దాం, డాక్టరుకు చూపిద్దాం.

అది అవిశ్వాసమనేవారికి మన జవాబు ఒక్కటే: ఏలీయాకు రొట్టె పంపినవాడూ దేవుడే.